స్టేషన్ రాతను బట్టి చూస్తే: మన పోలీసు దర్యాప్తు సేవ ఎక్కడిదాకా వచ్చింది?

ఎస్‌ఐ మంచివాడా, గట్టివాడా, ఫోన్ ఎత్తుతాడా అన్నది మనిషి గురించిన మాట. ఆయన బదిలీ మీద వెళ్లిపోయాక, మర్నాడు వచ్చిన ఎస్‌ఐ బీరువాలోంచి కేసు ఫైలు తీసి, పాతాయనకు ఫోన్ చెయ్యకుండానే దర్యాప్తు సాగించగలడా అన్నది వృత్తి గురించిన మాట. ఒక డాక్టరు రాసిన కేస్‌షీట్ చూసి ఇంకో డాక్టరు వైద్యం కొనసాగిస్తాడు. పాత కరణం రాసిన అడంగల్ పట్టుకుని కొత్త కరణం శిస్తు లెక్క తేల్చేవాడు. పోలీసు రాత ఆ స్థాయికి చేరిందా? తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ స్టేషన్లలో మామూలు మనిషికి అందే దర్యాప్తు సేవను, రిసెప్షన్ బల్ల దగ్గర్నించి ఛార్జిషీటు దాకా, ఈ ఒక్క కొలత పెట్టి చూడటమే ఈ సమీక్ష. కొత్త బండ్లు, గాజు తలుపుల భవనాలు, యాప్‌ల సంఖ్య ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు.

ముందు రిసెప్షన్. ఇక్కడ వచ్చిన మార్పు నిజమైనది, మెచ్చుకోదగినది. ఒకప్పుడు సెంట్రీ, తరవాత రైటర్ (స్టేషన్ రాతకోతలు చూసే కానిస్టేబుల్), ఆ తరవాత ‘అయ్యగారు బయటికెళ్లారు’ అన్న జవాబు. ఇప్పుడు తెలంగాణలో ‘ఫంక్షనల్ వర్టికల్స్’ పేరుతో రిసెప్షన్, బ్లూ కోల్ట్స్ గస్తీ, కోర్టు డ్యూటీ, క్రైమ్ పని అని విడివిడిగా మనుషుల్ని పెట్టారు. చాలా స్టేషన్లలో రిసెప్షన్లో మహిళా కానిస్టేబుల్ కూర్చుని, వచ్చినవాళ్లను ముందు కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడుతోంది. ఫలానా పని ఫలానా మనిషిదని తేలడం వృత్తికి మొదటి గుర్తు. ఈ భాగానికి మంచి మార్కులే వేయాలి.

చిక్కు ఆ బల్ల దాటాక మొదలవుతుంది. రిసెప్షన్లో ఇచ్చేది పిటిషన్ రసీదు. అది ఎఫ్‌ఐఆర్ కాదు. రసీదు చేతికి రాగానే కేసు అయిపోయిందనుకుని ఇంటికి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. విచారణార్హమైన నేరం, అంటే వారెంట్ లేకుండా అరెస్టు చేయదగిన నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013 నవంబరు 12న తేల్చింది. పాత సీఆర్‌పీసీ స్థానంలో కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాక దీనికి ఒక సందు తెరిచారు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతి తీసుకుని, 14 రోజుల్లో ప్రాథమిక విచారణ ముగించవచ్చు. ఆ 14 రోజులు సక్రమంగా వాడితే తప్పుడు కేసులు తగ్గుతాయి. వాడకపోతే అదే ‘ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి’ అనే పంచాయతీకి గడువు అవుతుంది. డీఎస్పీ అనుమతి ఏ తేదీన తీసుకున్నారో ఫైల్లో కనబడాలి. ఫిర్యాదిదారు మర్యాదగా అడగాల్సింది ఆ తేదీనే.

ఫిర్యాదు ఎలా రాయాలో కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే సగం కేసులు ఈ కాగితంలోనే బలపడతాయి, ఈ కాగితంలోనే నీరుగారతాయి. సెక్షన్లు మీరు రాయకండి, అది స్టేషన్ పని. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు, చూసినవాళ్లు ఎవరు, పోయినవి ఏమిటి. బంగారం అయితే గ్రాములు, గుర్తులు. ఫోన్ అయితే ఐఎంఈఐ నంబర్. పొలం గట్టు గొడవైతే సర్వే నంబరు. నోటితో చెప్పినా చెల్లుతుంది. అప్పుడు స్టేషన్ వాళ్లు రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. చదివి వినిపించడం మాత్రం ఎక్కువగా జరగదు. రైటర్ తన అలవాటు వాక్యాలతో రాసేస్తాడు: ‘పాత కక్షలు మనసులో పెట్టుకుని’, ‘బండ బూతులు తిట్టి’, ‘చేతులతో కొట్టి, కాళ్లతో తన్ని’. ఈ మాటలు ప్రతి కొట్లాట కేసులోనూ ఉంటాయి. కర్రతో ఒకే దెబ్బ, ఎడమ మోచేతి మీద పడిందని ఆస్పత్రి కాగితం చెబుతుంది, ఎఫ్‌ఐఆర్‌లో కర్ర ఊసే ఉండదు. రెండేళ్ల తరవాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయరు మొదట పట్టుకునేది ఈ తేడానే. కాబట్టి సంతకం ముందు చదవండి, చదవడం రాకపోతే చదివించుకోండి.

ఎఫ్‌ఐఆర్ ఫారం దగ్గర కాసేపు ఆగాలి. ఆ ఫారం తయారు చేసినవాళ్లకు పని తెలుసు. మొత్తం 15 కాలమ్‌లు. మూడో కాలమ్‌లో నేరం జరిగిన రోజు, సమయం, స్టేషన్‌కు సమాచారం అందిన సమయం, జనరల్ డైరీ (స్టేషన్ రోజువారీ చిట్టా) ఎంట్రీ నంబరు ఉంటాయి. ఐదో కాలమ్‌లో నేరస్థలం స్టేషన్‌కు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో, ఏ బీట్ కిందికి వస్తుందో. ఎనిమిదో కాలమ్‌లో ఫిర్యాదు ఆలస్యమైతే కారణం. పదిహేనో కాలమ్‌లో ఎఫ్‌ఐఆర్ కోర్టుకు పంపిన తేదీ, సమయం. ఈ నాలుగూ కలిపి చదివితే స్టేషన్ పనితనం బయటపడుతుంది. స్టేషన్ కిలోమీటరు దూరంలో ఉండి, సమాచారం ఆరు గంటలు ఆలస్యంగా అందినట్టుండి, ఎనిమిదో కాలమ్‌లో ‘ఆలస్యం లేదు’ అని ఉంటే ఆ ఫారం కంప్యూటర్లో పాతదాన్ని కాపీ కొట్టి నింపిందని అర్థం. మనిషి ఆస్పత్రిలో ఉన్నాడు, ఆడపిల్ల పరువు గురించి ఇంట్లో రెండు రోజులు తర్జనభర్జన పడ్డారు: ఇవన్నీ కోర్టులు ఒప్పుకునే కారణాలే. రాయకపోతేనే కష్టం.

మరో విషయం. మీ ఊరి పరిధి కాదని ఎవరూ తిప్పి పంపడానికి లేదు. జీరో ఎఫ్‌ఐఆర్ ఇప్పుడు చట్టంలోనే ఉంది. ఏ స్టేషన్‌లో ఇచ్చినా తీసుకుని సంబంధిత స్టేషన్‌కు పంపాలి. ఆన్‌లైన్లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చెయ్యాలి, లేకపోతే నమోదు కాదు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. సున్నితమైన కేసులు తప్ప మిగతావన్నీ 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. రెండు రాష్ట్రాల వెబ్‌సైట్లలోనూ ఇది దొరుకుతుంది. ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి లేదా కమిషనర్‌కు రాతపూర్వకంగా, అదీ కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి. ఎస్పీకి పంపిన పోస్టు రసీదు, అఫిడవిట్ లేకుండా మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్తే పిటిషన్ తిరిగొస్తుంది.

ఇప్పుడు సీన్, అంటే నేరస్థలం దగ్గరికి. పోలీసు పని వృత్తిగా మారిందా లేదా అని చూడటానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. క్రమం ఇది. ముందు ఎవరూ లోపలికి రాకుండా కట్టడి. తరవాత ఏదీ కదపకుండా ఫొటోలు: దూరం నుంచి ఒకటి, మధ్య దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి స్కేలు పెట్టి ఒకటి. తరవాత రఫ్ స్కెచ్. ప్రతి వస్తువుకూ రెండు కదలని గుర్తుల నుంచి, అంటే గోడ మూల, కరెంటు స్తంభం లాంటివాటి నుంచి, టేపుతో దూరం కొలవాలి. ఒక్క గుర్తు నుంచి కొలిస్తే ఆ వస్తువు ఎటువైపు ఉందో రేపు ఎవరూ చెప్పలేరు. ఆ తరవాతే ఎత్తడం, కవర్లో పెట్టడం, సీలు వెయ్యడం.

రక్తం అంటిన చొక్కా సంగతి చూడండి. దాన్ని నీడలో ఆరబెట్టి, కాగితం కవర్లో పెట్టాలి. దొరికింది కదా అని పాలిథీన్ సంచిలో కుక్కితే లోపల తేమకు బూజు పడుతుంది, డీఎన్‌ఏ చెడిపోతుంది. రెండు దుస్తులు ఒకే కవర్లో పెడితే ఒకదాని రక్తం ఇంకోదానికి అంటుతుంది, ఇక ఎవరి రక్తం ఎవరి మీద ఉందో ల్యాబ్ చెప్పినా పనికిరాదు. కవరు అంటించిన చోట పంచుల, అంటే జప్తుకు సాక్షులుగా పిలిచినవాళ్ల సంతకాల చీటీ, దాని మీద లక్క సీలు, సీలు నమూనా విడిగా ఎఫ్‌ఎస్‌ఎల్‌కు (ఫోరెన్సిక్ ల్యాబ్‌కు). పంచనామాలో ఐదు ప్యాకెట్లు అని రాసి ఎఫ్‌ఎస్‌ఎల్ రసీదులో నాలుగు అని వస్తే, మధ్యలో ఒకటి ఎక్కడ పోయిందన్న ప్రశ్నకు కోర్టులో జవాబుండదు. నేరం నిజమే అయినా కేసు కూలిపోవడానికి ఇలాంటి ఒక్క అంకె చాలు. జిల్లా కేంద్రాల్లో ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్ వచ్చిన కేసుల్లో ఈ పని బాగా జరుగుతోంది. మండల స్టేషన్లో ఒక హెడ్ కానిస్టేబుల్, ఒక హోంగార్డు వెళ్లిన కేసుల్లో కిట్ కూడా ఉండదు, పక్క కిరాణా కొట్లోంచి కవర్లు తెస్తారు. తప్పు ఆ హెడ్ కానిస్టేబుల్‌ది కాదు. తాపీ ఇవ్వకుండా గోడ కట్టమంటే మేస్త్రీ ఏం చేస్తాడు?

ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు సీన్‌కు రావడం కొత్త చట్టం తప్పనిసరి చేసింది. అయితే రాష్ట్రాలకు ఐదేళ్ల వ్యవధి ఇచ్చింది. సోదా, జప్తు మొదలు నుంచి చివరిదాకా ఆడియో వీడియో తీయాలన్న 105వ సెక్షన్ మాత్రం వెంటనే అమల్లోకి వచ్చింది. ఇది మంచి మలుపు. ఎందుకు మంచిదో తెలియాలంటే పంచనామా పాత కథ తెలియాలి. చట్టం ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు గౌరవనీయులైన, స్వతంత్రులైన మనుషుల్ని పిలవమంటుంది. కోర్టుల చుట్టూ తిరగాల్సొస్తుందని పక్కింటివాడు తలుపేసుకుంటాడు. అందుకని వీఆర్వోనో, పంచాయతీ సిబ్బందినో పిలవడం, అదీ కుదరకపోతే స్టేషన్ దగ్గర టీకొట్టు మనిషిని పది కేసుల్లో పంచుగా పెట్టడం అలవాటైంది. అలాంటివాళ్లను లాయర్లు ‘స్టాక్ పంచు’ అంటారు. ‘సంతకం స్టేషన్లోనే పెట్టాను’ అని ఆయన కోర్టులో ఒక్క మాటంటే మొత్తం రికవరీ పోయినట్టే. ఇప్పుడు వీడియో ఉంటే పంచు మాట తప్పినా దృశ్యం మాట తప్పదు. కెమెరా సోదా మొదలయ్యే ముందు ఆన్ అయి, సీలు వేశాక ఆఫ్ కావాలి. వస్తువు దొరికాక కెమెరా తెరిచిన వీడియో కేసుకు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

సీసీ కెమెరాల విషయంలో రెండు పొరపాట్లు పదే పదే కనిపిస్తున్నాయి. మొదటిది ఆలస్యం. చిన్న దుకాణాల డీవీఆర్‌లలో (కెమెరా దృశ్యాలు రికార్డయ్యే పెట్టెల్లో) హార్డ్‌డిస్క్ నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి పడిపోతాయి. కొన్ని చోట్ల అది రెండు వారాల్లోపే జరుగుతుంది. రెండోది గడియారం. డీవీఆర్‌లో టైమ్ పది నిమిషాలు ముందో వెనకో ఉంటుంది. ఫుటేజీ తీసేటప్పుడు అసలు టైమ్ ఎంత, డీవీఆర్ టైమ్ ఎంత అని ఆ రెండూ పంచనామాలో రాయకపోతే, ముద్దాయి సెల్ టవర్ టైమ్‌తో అది కలవదు, అనుమానం వాడికి లాభిస్తుంది. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ రెండు భాగాలుగా ఉండాలి: పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లది ఒకటి, నిపుణుడిది ఒకటి. అందులో హాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే దాని వేలిముద్ర లాంటి అంకె, కూడా ఉండాలి. పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి కవర్లో పెట్టేస్తే సరిపోయే రోజులు పోయాయి. ఫిర్యాదిదారులు చేయగలిగింది ఒకటుంది. జరిగిన రోజే పక్క షాపులవాళ్లను ఫుటేజీ చెరపొద్దని అడిగి, ఏ షాపులో కెమెరా ఏ వైపు చూస్తోందో ఫిర్యాదులో రాసివ్వండి.

ఇంత రాత ఎందుకని కానిస్టేబుళ్లే విసుక్కుంటారు. కారణం చట్టంలోనే ఉంది. పోలీసు ముందు ఇచ్చిన ఒప్పుకోలు రుజువుగా చెల్లదు. 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్‌లో ఉన్న ఆ మాట 2023 చట్టంలో 23వ సెక్షన్‌గా అలాగే నిలిచింది. సాక్షి చెప్పింది పోలీసు రాసుకుంటే దాని మీద సాక్షి సంతకం తీసుకోకూడదు. కోర్టులో దాన్ని ముఖ్యంగా సాక్షి మాట మార్చాడని చూపడానికే వాడతారు. అంటే నూట యాభై ఏళ్లుగా ఈ దేశ చట్టం పోలీసు రాతను పూర్తిగా నమ్మలేదు. ఒక వృత్తికి ఇంతకన్నా పెద్ద గాయం లేదు. దానికి మందు కూడా రాతలోనే దొరకాలి.

గాయం ఎలా తగిలిందో కొంచెం వెనక్కి వెళ్లి చూద్దాం. ఊరికి తలారి కాపలా. దొంగతనం జరిగితే వాడే జవాబుదారీ. వాడికి మాన్యమో, మేరో ఇచ్చేవారు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1859లో పోలీసు చట్టం వచ్చింది. దేశం మొత్తానికీ 1861 చట్టం వచ్చింది అంతకు రెండేళ్ల తరవాతే. 1857 తిరుగుబాటు ఆరిన మర్నాటి చట్టాలివి. వీటి అక్కర జనాన్ని అదుపులో పెట్టడం. దర్యాప్తు నేర్పడం వాటి పని కాలేదు. 1902-03లో ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన కూర్చున్న కమిషన్ ఊరూరా విచారించి, పోలీసులకు శిక్షణ లేదనీ, పర్యవేక్షణ లేదనీ, జనం వీళ్లను లంచగొండులుగా, పీడించేవాళ్లుగా చూస్తున్నారనీ రాసింది. సబ్‌ఇన్‌స్పెక్టర్లను నేరుగా తీసుకోవాలని, శిక్షణ పాఠశాలలు పెట్టాలని, ప్రతి ప్రావిన్స్‌లో సీఐడీ ఉండాలని చెప్పిందీ అదే. ఈ రోజు ఎస్‌ఐ నోటిఫికేషన్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదువుకుంటున్న పిల్లల కొలువుకు మూలం ఆ సిఫార్సు.

అదే కాలంలో ఇంకో దారిలో వృత్తి మొలకెత్తింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. లక్షల ముద్రల్లోంచి ఒకదాన్ని వెతికి తీసే వర్గీకరణను లెక్కగట్టి నిలబెట్టినవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాలీ సబ్‌ఇన్‌స్పెక్టర్లు. పేరు మాత్రం వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి వెళ్లింది. లాఠీ అవసరం లేకుండా, ఎవరు చేసినా ఒకే జవాబొచ్చే పని పోలీసు చేతికి వచ్చింది అప్పుడే. హైదరాబాద్ సంస్థానంలో కొత్వాలు (నగర పోలీసు అధిపతి) పద్ధతి వేరు. 1920లో కొత్వాలైన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పేరునే హిమాయత్‌సాగర్ దగ్గరి తెలంగాణ పోలీసు అకాడమీకి పెట్టారు. చట్టాల్లో ఈ పాత పొరలు ఇంకా ఉన్నాయి. హైదరాబాద్ నగర పోలీసు చట్టం నిజాం కాలపు లెక్కలో 1348 ఫసలీ నాటిది, ఆంధ్ర ప్రాంత జిల్లా పోలీసు చట్టం 1859 నాటిదే. ఉద్యోగి చేతిలో ట్యాబ్, తలమీద ఫసలీ చట్టం.

మళ్లీ నేటి స్టేషన్‌కు వస్తే, అరెస్టు భాగంలో సేవ కచ్చితంగా మెరుగుపడింది. అరెస్టు నియమాల మీద సుప్రీంకోర్టు డీకే బసు తీర్పు 1996 డిసెంబరులో వచ్చింది. అరెస్టు చేసేవాళ్లకు పేరు పట్టీ ఉండాలి, అరెస్టు మెమో మీద ఇంటివాళ్ల లేదా స్థానికుల సాక్షి సంతకం ఉండాలి, బంధువులకు కబురు చెయ్యాలి. ఇప్పుడు ఇవన్నీ చట్టంలోనే ఉన్నాయి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో ముందు నోటీసు. జనం ఇంకా ‘41ఏ నోటీసు’ అనే అంటారు, కొత్త నంబరు 35(3). నోటీసుకు హాజరవుతున్నంత కాలం, కారణం రాయకుండా అరెస్టు చెయ్యకూడదు. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది, చేతికే ఇవ్వాలి. మూడేళ్ల లోపు శిక్ష ఉండే కేసులో 60 ఏళ్లు దాటిన మనిషిని అరెస్టు చేయాలంటే డీఎస్పీ అనుమతి కావాలి. సాక్షిగా ఆడవాళ్లనీ, 15 ఏళ్లలోపు మగపిల్లల్నీ, 60 దాటిన మగవాళ్లనీ స్టేషన్‌కు రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి వెళ్లాలి. ఈ చివరిది మాత్రం పాటించడం తక్కువ. ‘ఒక్క పది నిమిషాలు వచ్చి వెళ్లండమ్మా’ అనే పిలుపు ఇప్పటికీ మామూలే. రానక్కర్లేదని మర్యాదగా చెప్పే హక్కు మీకుంది.

24 గంటల లెక్కలో ఒక తప్పు జరుగుతోంది. మనిషిని పొద్దున తెచ్చి, ‘విచారణకు పిలిచాం’ అని జనరల్ డైరీలో ఎక్కించకుండా కూర్చోబెట్టి, రాత్రి పదింటికి అరెస్టు చూపిస్తారు. సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో స్టేషన్ గేటు, రిసెప్షన్, లాకప్, వరండాలతో సహా అంతటా సీసీ కెమెరాలు ఉండాలంది. ఏ గంటకు మనిషి గేటు దాటాడో ఆ కెమెరాలో ఉంటుంది. కెమెరా పనిచెయ్యట్లేదన్న జవాబు వచ్చే స్టేషన్‌కు ఈ విభాగంలో సున్నా మార్కులు. వేరే మాట లేదు.

సైబర్ మోసాల సేవ గురించి క్లుప్తంగా. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. స్టేషన్‌కు వెళ్లడం తరవాతి పని. ఫోన్ చేసేటప్పుడు బ్యాంకు పేరు, పోయిన మొత్తం, టైమ్, యూటీఆర్ (లావాదేవీ) నంబరు దగ్గర పెట్టుకోండి. యూటీఆర్ లేకపోతే డబ్బు వెళ్లిన దారి దొరకదు. డబ్బు గంటల్లోనే ఒక ఖాతాలోంచి నాలుగు ఖాతాల్లోకి, అక్కణ్ణుంచి ఏటీఎంకి పోతుంది కాబట్టి మొదటి గంటే ముఖ్యం. ఫ్రీజ్ అయిన సొమ్ము తనంతట తాను వెనక్కి రాదు, చాలాసార్లు మేజిస్ట్రేట్ ముందు పిటిషన్ వెయ్యాల్సి ఉంటుంది. లోక్ అదాలత్‌లలో కూడా ఇప్పిస్తున్నారు. ఫోన్ పోతే కేంద్రం నడిపే సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ బ్లాక్ చెయ్యడం బాగా పనిచేస్తున్న సేవ. ఈ రెండింటిలోనూ పోలీసు పని మనిషి మంచితనం మీద కాక పద్ధతి మీద నడుస్తోంది. అందుకే ఇక్కడ ఫిర్యాదులు తక్కువ.

ఇక మనుషుల తయారీ. 2022 తెలంగాణ నియామకాల్లో మగ అభ్యర్థి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి, 7.26 కిలోల గుండును ఆరు మీటర్లు విసరాలి. కానిస్టేబుల్ తుది రాతపరీక్ష 200 మార్కులకు, అంతా ఆబ్జెక్టివ్. ఒక్క వాక్యం సొంతంగా రాయనక్కర్లేదు. తొమ్మిది నెలల శిక్షణ తరవాత అదే కుర్రవాడి చేతికి పంచనామా కాగితం ఇస్తారు. పరుగు సెకన్లలో కొలిచిన వ్యవస్థ రాతను ఒక్కసారీ కొలవలేదు. ఇది చిన్న లోపం కాదు. స్టేషన్లో రైటర్ ఒక్కడే రాయగలిగినవాడు కావడం, ఆయన సెలవు పెడితే ఫైళ్లన్నీ ఆగడం ఇందువల్లే. తర్ఫీదు ఇచ్చేచోట్లు మనకు లేకనా? శివరాంపల్లిలో ఐపీఎస్‌ల జాతీయ అకాడమీ 1975 నుంచీ ఉంది, అనంతపురంలో పోలీసు శిక్షణ కళాశాల ఉంది, రామంతాపూర్‌లో డిటెక్టివ్ శిక్షణ సంస్థ, కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఉన్నాయి. సర్వీసులో పదేళ్లు నిండిన హెడ్ కానిస్టేబుల్‌ను అక్కడికి పంపాలంటే స్టేషన్‌లో ఆయన బదులు డ్యూటీ చేసే మనిషి కావాలి. ఆ మనిషే ఉండడు.

ఎందుకు ఉండడంటే బందోబస్తు. వీఐపీ పర్యటన, జాతర, నిమజ్జనం, ఎన్నికలు, పరీక్షలు. దర్యాప్తు అధికారి నాలుగు రోజులు రోడ్డు మీద నిలబడితే కేసు డైరీలో నాలుగు రోజుల ఖాళీ పడుతుంది. కేసు డైరీ రోజువారీగా రాయాలి, ఏ గంటకు మొదలుపెట్టాడు, ఏ గంటకు ముగించాడు, ఏయే చోట్లకు వెళ్లాడు అన్నవి ఉండాలి, పేజీ నంబర్లతో ఒకే పుస్తకంగా ఉండాలి. ఖాళీని తరవాత ఒక్క రాత్రిలో నింపితే, ఆ గంటలో ఆయన నిమజ్జనం డ్యూటీలో ఉన్నట్టు జనరల్ డైరీ చెబుతుంది, సాక్షి ఇంట్లో ఉన్నట్టు కేసు డైరీ చెబుతుంది. ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ 1977 నుంచి 81 వరకు ఎనిమిది నివేదికల్లో ఈ జబ్బులన్నీ రాసింది. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. అందులో స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ల పదవీకాలం, దర్యాప్తునూ శాంతిభద్రతలనూ వేరు చెయ్యడం అనే రెండూ ఈ సమీక్షకు ప్రాణం. ఏడింటిలో ఈ రెండే నిజంగా అమలైతే చాలు, పైన రాసిన లోపాల్లో సగం వాటంతటవే తగ్గుతాయని మా అభిప్రాయం. బదిలీ ఎమ్మెల్యే లెటర్ మీద ఆధారపడినంత కాలం ఎస్‌ఐ దృష్టి ఫైలు మీద నిలవదు.

చివరిగా ఛార్జిషీటు. నిందితుడు జైల్లో ఉంటే నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో వెయ్యాలి, లేకపోతే వాడికి బెయిలు హక్కుగా వస్తుంది. అందుకే 58వ రోజు రాత్రి రైటర్ గది లైటు వెలుగుతూ ఉంటుంది. ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు రాకుండానే ‘రిపోర్టు తరవాత సమర్పిస్తాం’ అని రాసి వేసేస్తారు. ఆ రిపోర్టు వచ్చాక కోర్టులో దాఖలు చేయడం మరిచిపోయిన కేసులుంటాయి. కేసు నంబరుతో కోర్టు కానిస్టేబుల్‌ను ఆ ఒక్క విషయం అడిగి తెలుసుకోండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు బాధితులకు చెప్పాలని కొత్త చట్టం అంటోంది, మెసేజ్ పంపినా సరిపోతుంది. మీకు రాకపోతే రాతపూర్వకంగా అడగండి. లాయరు ద్వారా హాజరయ్యే బాధితులకు, నిందితుడు కోర్టుకు వచ్చిన 14 రోజుల్లోపు ఛార్జిషీటు, సాక్షుల స్టేట్‌మెంట్ల నకళ్లు ఉచితంగా రావాలి. సాక్షుల జాబితాలో ఎల్‌డబ్ల్యూ (లిస్టెడ్ విట్‌నెస్) నంబర్ల పక్కన మీరు పేరు చెప్పిన ప్రతి మనిషీ ఉన్నాడో లేదో అప్పుడే చూసుకోవాలి.

కేసు మూసేస్తే వచ్చేది రెఫర్ నోటీసు. అరపేజీ కాగితం. ‘సివిల్ స్వభావం’, ‘మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్’ (వాస్తవంలో పొరపాటు), ‘ఆచూకీ దొరకలేదు’ అని ఒక్క ముక్కలో కారణం ఉంటుంది. ఎవరెవర్ని విచారించారో, ఏ కాగితం చూసి ఆ నిర్ణయానికొచ్చారో ఉండదు. మొత్తం సేవలో అన్నిటికన్నా బలహీనమైన రాత ఇదే. కేసు ఎందుకు నిలవదో నాలుగు వాక్యాల్లో చెప్పగలిగితే ఫిర్యాదిదారు కోపం సగం అక్కడే ఆరుతుంది. ఫిర్యాదిదారుకు నోటీసు ఇచ్చి, ఆయన మాట వినకుండా మేజిస్ట్రేట్ కేసు మూయకూడదని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పుకోకపోతే మేజిస్ట్రేట్ ముందు ప్రొటెస్ట్ పిటిషన్ వెయ్యవచ్చు. కానిస్టేబుల్ తెచ్చినప్పుడు తీసుకోనని తోసెయ్యకండి. నకలు తీసుకుని, సంతకం పెట్టి, కింద తేదీ మీ చేత్తోనే వెయ్యండి.